మండితే మెలకువ

మా తోడికోడలి కొంగుకు ఎప్పుడూ ఒక ఎండు మిరపకాయ ముడివేసి ఉంటుంది. కొత్తవాళ్ళు చూస్తే దిష్టికనుకుంటారు. పిల్లలు కడుపులో ఉన్నప్పటి అలవాటు పోలేదని కొందరంటారు. ఆమె ఎవరికీ ఏమీ చెప్పదు, నవ్వి ఊరుకుంటుంది. ఆ కాయ ఎందుకో తెలిసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది ఆమె, నేను. నా చదువు ఐదో తరగతితో ఆగింది గానీ, చూసింది మరిచిపోయే గుణం నాకు లేదు. చూసింది చూసినట్టు చెబుతాను.

ఆమె మా ఇంటికి కోడలిగా వచ్చింది ఎనభైల మొదట్లో. మాది గురజాల దగ్గర ఒక ఊరు, ఆమెది మాచర్ల అవతల. చంటిపిల్లగా ఉన్నప్పుడే తల్లి పోయిందట. ఫోటో లేదు. కూలికి పోయే ఇళ్ళల్లో ఆ రోజుల్లో ఫోటోలు ఎవరు తీయించుకున్నారు? కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి పక్కన కూర్చుని అంది.

"మా అమ్మ ఎట్టుండేదని మా నాయన్ని అడిగితే ఏమనేవాడో తెలుసా అక్కా? 'మనిషిలాగే ఉండేది, పోయి పని చూస్కో' అనేవాడు."

నవ్వుతూనే చెప్పింది. నేనూ నవ్వాను. ఆ మాట మా ఇంట్లో ఇంత దూరం నడుస్తుందని ఎవరనుకున్నారు?

మా పొలం సాగర్ కాలువ పక్కన. గట్టు కిందే కళ్ళం. సంక్రాంతి వెళ్ళాక మిరప పండుకాయ కోసుకొచ్చి కళ్ళంలో పరిచి ఎండబెట్టేవాళ్ళం. మగవాళ్ళు ఎండిన కాయను గోతాల్లో తొక్కి గుంటూరు తోలుకుపోతే, ఆడవాళ్ళం కూర్చుని తాలు కాయలు ఏరేవాళ్ళం. తెల్లబారిన కాయలు, బూజు పట్టిన కాయలు ఎర్రకాయలో కలిస్తే ధర పడిపోతుంది. ఆ పని చేసిన చేతులు ఆ కాలమంతా మండుతూనే ఉంటాయి. ఎంత కడిగినా కాయ కోరు, ఆ ఘాటు, పోదు. పసిబిడ్డల తల్లులు బిడ్డను ఎత్తుకోబోయే ముందు పుల్లటి చల్లతో చేతులు కడుక్కుని, పాత చీర చేతికి చుట్టుకుని ఎత్తుకునేవాళ్ళు. మరిచిపోయి కన్ను నలుపుకున్నామంటే ఆ పూటకు ఇక పనికిరాము.

మధ్యాహ్నం సద్ది తిన్నాక కళ్ళంలోని తాటాకు పాకలో కాసేపు నడుం వాల్చేవాళ్ళం. అట్లా ఒక మధ్యాహ్నం ఆమె నిద్రలేచి, లేచినట్టే కూర్చుని, గొంతు తగ్గించి అంది.

"అక్కా, మా అమ్మని చూశా."

"కలలోనా?"

"కలే. కానీ కల అని నాకు తెలుసు. ఆడుండగానే తెలిసింది."

కల ఎట్లా ఉందో చెప్పింది. కాలువ అవతలి గట్టున ఒక ఆడమనిషి ఇటు వీపు పెట్టి కూర్చుని కాయలు ఏరుతోంది. చిలకపచ్చ చీర. ఆ మనిషి తన తల్లి అని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయిందట. ఆమె ముందు మనిషెత్తు మిరప గుట్ట. అంత గుట్టను ఆమె కదుపుతుంటే ఎవరికీ తుమ్ము రాలేదు, దగ్గు రాలేదు, తన చేతులు మండలేదు. "ఇంత కాయ దగ్గర కోరు లేకపోవడమేంది? అయితే ఇది కలే అనుకున్నా. అనుకోంగానే అంతా కడిగినట్టు తేటగా అయింది అక్కా. నేను ఎటు నడవమంటే అటు నడిచా. కాలువ మీద నడిచా. నీళ్ళు కాళ్ళ కింద చాపలాగా ఉన్నై. సగం దాకా పోయా. ఇంతలో నువ్వు లేపావు."

ఆ మాట చెబుతున్నప్పుడు నన్ను చూసిన చూపులో కొంచెం కోపం ఉంది. అంతవరకు ఆ పిల్ల కళ్ళల్లో నా మీద కోపం చూసి ఎరగను.

"ఒక్కసారి ముఖం చూస్తే చాలు. ఇంక మానేస్తా," అంది.

కలలు మానేయడమేమిటి, అవి మనం పిలిస్తే వస్తాయా అనుకున్నాను. ఆమె పిలిస్తే వచ్చాయి. పడుకునే ముందు "కాయకు కోరు లేదు, కాయకు కోరు లేదు" అని పెదాలు కదుపుతూ పడుకునేది. మధ్యాహ్నం ఎప్పుడవుతుందా అని చూసేది. అన్నం నాలుగు ముద్దలు తిని చెయ్యి కడిగేది. నిద్రలేచాక ఎంత దూరం పోయిందో నాకొక్కదానికే చెప్పేది. గట్టు ఎక్కింది. ఆమె వెనక నిలబడింది. జడ చూసింది, మెడ మీద పుట్టుమచ్చ చూసింది. ముందుకు తిరిగి చూడబోతే ఆమె కూడా తిరుగుతుంది, మళ్ళీ వీపే కనబడుతుంది.

"పిలవలేకపోయావా?" అన్నాను.

"పిలిచా. చెయ్యి ఆపింది. కానీ తిరగలా."



కొన్నాళ్ళకు ఇంట్లో తేడాలు మొదలైనాయి. కూరలో ఉప్పు ఉండేది కాదు. అడిగితే వేశానంటుంది. ఒట్టు పెట్టి చెబుతుంది. వేసింది నిజమే, కలలో వేసింది. గేదెకు కుడితి పెట్టానంటుంది, గేదె ఆకలికి అరుస్తుంటుంది. కలల సంగతి నేనే మా అత్త చెవిన వేశాను. ఆమె నోరు ఊరికే ఉండేది కాదు.

"ఏమే, మీ మాచర్లలో ఉప్పు కలలో వేస్తే కూరలోకి దిగిద్దా? పగలు పడుకుని అమ్మతో ముచ్చట్లు పెట్టుకుంటే ఈడ అత్త ఎందుకు? నన్ను కూడా ఆడికే పంపియ్యి, ముగ్గురం కూర్చుని ఏరుకుందాం కాయలు!"

అందరం నవ్వాం. ఆ పిల్లా నవ్వింది. నవ్వుతూనే పొయ్యి దగ్గరికి పోయి, సలసల కాగుతున్న ఎసరు గిన్నెను మసిగుడ్డ లేకుండా వట్టి చేతులతో పట్టుకుంది. చురుక్కుమనగానే వదిలేసింది కాబట్టి సరిపోయింది. నీళ్ళు ఒలికి పొయ్యి ఆరిపోయింది. అత్త లబలబలాడుతుంటే ఆ పిల్ల తన చేతుల్ని కొత్తగా చూసుకుంటూ మెల్లిగా అంది.

"కాలింది. అయితే ఇది మెలకువే."

 నవ్వులన్నీ అక్కడితో అయిపోయినాయి.

మా వీధి చివర దూదేకుల ఇంట్లో ఒక అవ్వ ఉండేది. పాత చీరలతో బొంతలు కుట్టేది. ఊళ్ళో ఎవరి మంచం మీద చూసినా ఆమె కుట్టిన బొంతే. భయం వేసినా, బిడ్డకు నిద్ర పట్టకపోయినా ఆడవాళ్ళం ఆమె గడప తొక్కేవాళ్ళం. ఆమె మంత్రాలు వేసేది కాదు, తిట్టి పంపించేది. ఆ తిట్లకే సగం తగ్గేది. నేను ఆ పిల్లను తీసుకుని వక్కాకు చేతపట్టుకుని పోయాను.

అవ్వ అంతా విని, సూది బొంతలో గుచ్చి వదిలి, వక్క నోట్లో వేసుకుంది.

"నీళ్ళ మీద నడిచావా?"

"నడిచా అవ్వా."

"ఒసేయ్, మేము కోటప్పకొండకి పోవాలన్నా బస్సులో కాళ్ళు తొక్కిచ్చుకుంటా పోతాం. నీకు చానా సుఖంగా ఉందే!" అని ఒకసారి నవ్వి, వెంటనే నవ్వు ఆపేసింది. "మా అక్కకుండేది ఇది. మొదట్లో ఎగిరానని, పండ్లు కోశానని చెప్పేది. చివరాఖరికి అది యాడుందో దానికీ తెలవలా, మాకూ తెలవలా."

"నన్ను మానెయ్యమనమాక అవ్వా. ముఖం చూసిందాకా మానలేను."

"మానమంటే మానతావా? మానవు." అవ్వ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని అరచేయి వాసన చూసింది. ఆ ఘాటుకు ఆమెకు తుమ్ము వచ్చింది. "గిన్నె కాలితే గానీ మెలకువని తెలవలేదన్నావు. గిన్నెలెందుకే, మంట నీ చేతిలోనే ఉంది. లేచినప్పుడల్లా వేలు పెదవి లోపల రుద్దుకో. మండితే మెలకువ. మండకపోతే కల. అది చూసుకోకుండా అడుగు తీసి అడుగు వెయ్యమాక."

ఆ పిల్ల అక్కడే వేలు పెదవికి రాసుకుని ఉస్సుమంది. అవ్వకు అదంతా చాలలేదు.

"ఆడ పెట్టింది తినమాక. వీపు చూపిచ్చినంత కాలం పర్లేదు, చూపిచ్చుకోనీ. తనే తిరిగి రమ్మని పిలిచిందనుకో, పోమాక. అది అమ్మ గాని, ఎవురు గాని."

వచ్చేటప్పుడు నన్ను మాత్రం ఆపి, చెవి దగ్గర చెప్పింది. "కలలో మేలుకున్నోళ్ళకి మెలకువలో కలొస్తది. రాకుండా పోదు. ఆ రోజున ఈ పిల్ల పక్కన మనిషుండాల."

ఆ మాటతో నేను నీడలాగా తిరిగాను. ఆ పిల్ల కూడా అవ్వ చెప్పిన జాగ్రత్త తప్పలేదు. పాకలో లేవగానే వేలు పెదవికి, బావి దగ్గరికి పోబోతూ వేలు పెదవికి, దూడ తాడు విప్పబోతూ వేలు పెదవికి. రోజంతా పెదవి ఎర్రగా ఉబ్బి ఉండేది. ఆమె మొగుడు, మా మరిది, చూసి "ఏందే, తేనెటీగ కుట్టిందా?" అని ఆటపట్టించేవాడు. కూరలో ఉప్పు మళ్ళీ సరిపోయింది. గేదె అరుపులు మానింది. గండం గడిచినట్టే అనుకున్నాం.

ఇంతలో శివరాత్రి వచ్చింది.

మా అత్తకు కోటప్పకొండ స్వామి మీద గురి. ఆ ఏడు కొత్తకోడలిని కూడా కొండకు తీసుకుపోవాలంది. "స్వామి దగ్గరికి ఈ మిరప చేతులతోనా?" అని పండగకు కొన్నాళ్ళ ముందే ఆ పిల్లను కాయ ముట్టుకోనీయకుండా ఆపింది. తనే కూర్చోబెట్టి పుల్లచల్లతో చేతులు కడిగి, సున్నిపిండితో రుద్ది, వెన్న రాసేది. ఎంత నోరున్నా ఆమెకు కోడళ్ళ మీద ప్రేమ అట్లాగే ఉండేది, చేతులతో చూపించేది. పెళ్ళినాటి చేతులు మళ్ళీ వచ్చాయి ఆ పిల్లకి.

ట్రాక్టర్‌లో పోయాం. ప్రభల లైట్లు, జనం, మైకులు. దర్శనం చేసుకుని, ఉపవాసంతో కొండ కింద జాగరణ చేశాం. ఆ పిల్ల ఒక్కసారి కూడా రెప్ప వాల్చలేదు. తెల్లవారి ఇంటికి వచ్చి తలంటుకున్నాక అత్త గడపలో నిలబడి చెప్పింది.

"పొద్దుగూకిందాకా ఎవరన్నా కన్ను మూశారో, చేసిన జాగారం మొత్తం నీళ్ళపాలే. పెద్దదానా, నువ్వు కళ్ళానికి పోయి కాయ తిరగెయ్యి. దీన్ని కూడా తీసకపో, ఇంట్లో ఉంటే గోడకానుకుని పడుకుంటది. కాయ మాత్రం ముట్టుకోనియ్యమాక, సాయంత్రం పాయసం ఇది వండాల."

జాగరణ చేసినవాళ్ళు మర్నాడు పగలు నిద్రపోకూడదనేది మా వైపు అందరూ పాటించేదే. అందులో ఆమె తప్పు పట్టడానికి ఏమీ లేదు.

కళ్ళంలో ఆ పిల్లను కాలువ గట్టు మీద చెట్టు నీడన కూర్చోబెట్టి నేను కాయ తిరగేస్తున్నాను. ఎండ తెల్లగా కాస్తోంది. గాలి కాలువ మీది నుంచి మా మీదికి తోలుతోంది, అందుకని కాయ ఘాటంతా ఊరివైపు కొట్టుకుపోతోంది. ఆ పిల్ల కూర్చున్న చోట కోరు లేదు. దగ్గు లేదు. నిద్ర రాకుండా నాతో మాట్లాడుతూనే ఉంది. తర్వాత మాటలు పల్చబడ్డాయి. తర్వాత ఆగినాయి.

తలెత్తి చూశాను. పడుకోలేదు. నిటారుగా కూర్చుని అవతలి గట్టు చూస్తోంది. అక్కడ వేరేవాళ్ళ కళ్ళంలో ఎవరో కూలామె కాయలు ఏరుతోంది. ఇటు వీపు పెట్టి కూర్చుంది. ముందు పెద్ద గుట్ట. చీర చిలకపచ్చ.

మా తోడికోడలు వేలు పైకెత్తి పెదవి లోపల రుద్దుకుంది. ఇంకోసారి రుద్దుకుంది. వెన్న రాసిన వేలు, తలంటుకున్న వేలు. ఎందుకు మండుతుంది?

లేచింది. ముఖం మీద పెళ్ళికూతురి నవ్వు. రేవు వైపు నడిచింది. నీళ్ళ కోసం పోయే మనిషి నడక కాదు. మెట్ల దగ్గర ఆగలేదు, చీర ఎత్తిపట్టుకోలేదు. నేల మీద నడిచినట్టే నీళ్ళలోకి దిగింది.

నేను ఎట్లా పరుగెత్తానో నాకు తెలియదు. మా రేవులో ఆఖరి మెట్టు దాటితే నిలువు లోతు, దానికి తోడు కాలువ వడి. నేను అందుకునేసరికి నడుం దాకా మునిగింది. జడ పట్టుకున్నాను. ఆమె గింజుకోలేదు, అరవలేదు. మెడ మాత్రం తిప్పి, చంటిపిల్లకు నచ్చజెప్పినట్టు అంది.

"వదులక్కా. నువ్వు కలలో అక్కవే. అసలక్క కళ్ళంలో ఉంది."

 కొట్టినా, తిట్టినా, ఏడ్చినా నేను కలలో దాన్నే కదా. ఆమెకు నేను లేను. మెట్టు అంచున ఆమె కాలు జారుతోంది. ఇక ఏమీ తోచక, పొద్దుటి నుంచి కాయ తిరగేసిన నా చెయ్యి ఆమె నోట్లో కుక్కాను. చిగుళ్ళకు రుద్దాను. రెండో చెయ్యి కళ్ళకు రుద్దాను.

ఒక్క కేక పెట్టింది. ఆ కేకతో ఆమె ఒళ్ళంతా బరువెక్కింది, నా మీద పడింది. "అక్కా, మండుతంది, అక్కా," అని నన్ను కరుచుకుంది. ఇద్దరం మెట్ల మీదికి పాకాం.

ఆ కేకకు అవతలి గట్టున కూలామె వెనక్కి తిరిగింది.

"ఏమ్మో! ఏందా పిల్లకి? కాలు జారిందా, ఫిట్సొచ్చినయ్యా?"

నల్లటి గుండ్రటి ముఖం, ముక్కుకు రెండు పక్కలా పుడకలు, ముందు పన్ను ఒకటి లేదు. పాపం మంచి మనిషి, గట్టు దిగి కొంగు చుట్టుకుంటోంది, దూకి రావడానికి. వద్దని చెయ్యి ఊపాను. మా తోడికోడలు మంటకు కారే నీళ్ళలోంచి కళ్ళు చించుకుని ఆ ముఖాన్నే చూస్తూ ఉండిపోయింది. నేను తల తిప్పబోతే తిప్పనివ్వలేదు.

ఇంటికి పోయాక కాలు జారిందనే చెప్పాం. సాయంత్రం పాయసం నేను వండాను.

చాలా రోజులు ఆమె పగలు పడుకోలేదు. మిరప కాలం అయిపోయింది, కాలువకు నీళ్ళు ఆపేశారు. ఇక ఆ పీడ వదిలిందనుకున్నాను. ఒకరోజు పశువుల చావిడి ఊడుస్తూ చీపురు ఆపి తనే చెప్పింది.

"మళ్ళీ పోయా అక్కా."

నేను చేతిలో పేడతట్ట కింద పెట్టాను.

"ఇప్పుడు తిరుగుతంది. నేను పిలవకుండానే తిరుగుతంది."

"ముఖం చూశావా?"

"చూశా. రెండు పక్కలా పుడకలు. పన్ను లేదు." చీపురు పుల్ల ఒకటి విరిచి పారేసింది. "ఆమె మా అమ్మ కాదని నాకు తెలుసు. ఆడ కూడా తెలుసు. అయినా ఇంకో ముఖం రాదు. నవ్వతది. 'ఏందే ఆడే నిలబడ్డావు, రా' అంటది. వీపు ఉన్నప్పుడన్నా అది మా అమ్మ వీపు."

అవ్వ దగ్గరికి పోయాం. అవ్వ ఈసారి వక్క అడగలేదు, తిట్టలేదు. వింటూ వింటూ సూదికి దారం ఎక్కించబోయి, ఎక్కక, పక్కన పెట్టేసింది.

"ముఖం లేనిదానికి ముఖం ఇచ్చారు. ఇంక తీసుకోలేరు," అంది. బొంత మడుస్తూ, "వేళ్ళని నమ్ముకోమాకండి. కాయే దగ్గరుంచుకోండి," అంది.

ఆ రోజు మొదలు కొంగున కాయ.

తర్వాత ఆమెకు పిల్లలు పుట్టారు, పెరిగారు. అత్త పోయింది, అవ్వ పోయింది, అన్నదమ్ములు వేరుపడ్డారు. మా తోడికోడలు కాపురం చక్కగా చేసుకుంది, చూసినవాళ్ళెవరూ వంక పెట్టలేరు. అయితే మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగి, కొంగు ముడి విప్పి, కాయ కొస కొరుకుతుంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నేను మాట ఎత్తను. తిరిగాక "ఊఁ, చెప్పక్కా" అంటుంది. అప్పుడు మళ్ళీ మొదలుపెడతాను. పిలుపులు ఆగాయా అని నేను అడగలేదు. ఆగి ఉంటే కాయ ఎందుకు?

మొన్న వచ్చినప్పుడు మా వంటింటి గడపలో కూర్చుని కాయ కొరికింది. నమిలింది. నేను ఎదురుచూస్తున్నాను. ఆమె కళ్ళు పొడిగానే ఉన్నాయి. ఇంకొంచెం కొరికింది. గింజలతో సహా నమిలి మింగింది.

"ఈ ఏడు కాయకు కోరు లేదక్కా," అంది.

ఆమె చేతిలో మిగిలిన ముక్క తీసుకుని నేనూ కొరికాను. నాలుక భగ్గుమంది, చెవుల దాకా పాకింది, కళ్ళు మసకలైనాయి. ఆమె నన్నే చూస్తోంది, నేనేమంటానోనని.

 ఆమె మణికట్టు పట్టుకుని కూర్చున్నాను. సాయంత్రం మా మరిది బండి తెచ్చి వాకిట్లో ఆపి, రెండుసార్లు పిలిచినా వదల్లేదు.